ఏడిస్తే ఏడవనివ్వండి, చెయ్యి మాత్రం కలిపి రమ్మనండి

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. చిన్నప్పటి నుంచీ షటిల్ ఆడుతోంది. పోయిన నెల నెల్లూరులో ఒక టోర్నమెంటులో ఫైనల్ దాకా వచ్చింది. మూడో గేమ్‌లో 19-19 దగ్గర, బయట పడుతుందనుకుని తను వదిలేసిన షటిల్‌ని అంపైర్ లోపలే పడిందన్నారు. "సార్, మీకు కళ్లు కనపడవా?" అని అరిచింది. ఆ తర్వాతి పాయింటు కూడా పోయి ఓడిపోయింది. రాకెట్‌ని నేలకేసి కొట్టింది, ఫ్రేమ్ చిట్లింది. అవతలి అమ్మాయి చెయ్యి చాపితే కలపకుండా బయటికొచ్చేసి, కిట్ బ్యాగు మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇదంతా ఎవరో ఫోన్లో తీసి అకాడమీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మా ఆయన "ఆడపిల్ల అట్టా అరవడమేంది, పరువు పోయింది, ఇంక ఆట చాలు" అంటున్నారు. అసలు పాయింటు గెలిచినప్పుడల్లా అది కేకలు పెట్టడమే ఆయనకి మొదట్నుంచీ నచ్చదు. కోచ్ ఏమో "ఫైర్ ఉండాలమ్మా, అది మంచిదే" అంటారు. పిల్లనడిగితే "సిరాజ్ అరిస్తే అందరూ చప్పట్లు కొడతారు, నేనరిస్తే తప్పా?" అంటోంది. ఆ రోజు నుంచి తండ్రీ కూతుళ్లకి మాటల్లేవు. వచ్చే నెల ఒంగోలులో ఇంకో టోర్నమెంటు ఉంది. పంపమంటారా? ఏం చెప్పి పంపమంటారు?
— ఒక తల్లి, కావలి

సమాధానం:

అమ్మా,

ముందు మీ అమ్మాయి అడిగినదానికే వస్తాను. మీ ఇంట్లో తలా ఒక తీర్పు చెప్పారు గానీ, ఆ పిల్ల అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పినట్టు లేదు.

సిరాజ్ అరిస్తే చప్పట్లు కొడతారు, నిజమే. జరిమానా కూడా వేస్తారు. 2025 జులైలో జరిగిన లార్డ్స్ టెస్టు గుర్తుందేమో అడగండి. నాలుగో రోజు బెన్ డకెట్‌ని అవుట్ చేసి, అతని మొహంలో మొహం పెట్టి అరిచాడు సిరాజ్. భుజాలు కూడా తగిలాయి. మ్యాచ్ ఫీజులో 15 శాతం కోశారు, దానికి తోడు ఒక డీమెరిట్ పాయింటు. మర్నాడు ఆఖరి వికెట్టుగా మిగిలింది ఆ సిరాజే. అవతల జడేజా నిలబడి ఉన్నాడు, గెలుపు కనపడే దూరంలోనే ఉంది. షోయబ్ బషీర్ బంతిని బ్యాటుతో బాగానే ఆపాడు. అది కాస్తా వెనక్కి దొర్లి వికెట్లకి తగిలి బెయిలు రాలిపోయింది. 22 పరుగుల తేడాతో ఓడిపోయాం. సిరాజ్ ఉన్నచోటే కూలబడ్డాడు. గెలిచిన సంబరంలోంచి జో రూట్, జాక్ క్రాలీ వచ్చి అతణ్ని ఓదార్చారు. ముందు రోజు తమ జట్టువాడి మొహం మీద అరిచిన మనిషినే వాళ్లు ఓదార్చింది.

అలా కూలబడినందుకు ఎవరూ జరిమానా వెయ్యలేదు. వికెట్ పడ్డ ప్రతిసారీ గాల్లోకి అతను పెట్టే కేకలకీ వెయ్యలేదు. మూడు వారాలకి ఓవల్‌లో ఆఖరి వికెట్టు పడగొట్టి ఆరు పరుగులతో గెలిపించినప్పుడు గొంతు చించుకుని అరిచాడు, దేశమంతా అతనితో పాటు అరిచింది. జరిమానా పడిందల్లా ఒక్కదానికే, అవుటై వెళ్లిపోతున్న మనిషి మీద అరిచినందుకు. కాబట్టి మీ పాపతో చెప్పండి: ఎంత గట్టిగా అరిచావన్నది కాదు, ఎవరి మీద అరిచావన్నదే లెక్క. ఆ రోజు నెల్లూరులో తను చేసిన పనులన్నింటినీ మీ ఆయన ఒకే మూట కట్టి మొత్తం తప్పంటున్నారు, కోచ్ మొత్తం ఒప్పంటున్నారు. మూట విప్పితే అందులో కొన్ని తప్పులు ఉన్నాయి, కొన్ని అసలు తప్పులే కావు.

పాయింటు గెలిచినప్పటి కేకలు తప్పు కాదు. మీ ఆయనకి ఇది ఎక్కేలా చెప్పాలంటే కబడ్డీతో మొదలుపెట్టండి. సంక్రాంతికి మన పల్లెల్లో పోటీలు పెడితే, తొడ కొట్టకుండా కూతకి వెళ్లే రైడర్ ఎంతమంది ఉంటారు? అమ్మాయిల జట్లు కూడా కొడతాయి, చుట్టూ నిలబడ్డ జనం ఈలలేస్తారు. అందులో అవతలివాడికి అవమానమేమీ లేదు. ఆ రైడర్‌ని పట్టు పట్టి కింద పడేసినవాడే, ఈల మోగాక చెయ్యిచ్చి లేపి వీపు మీద మట్టి దులుపుతాడు. నేను ఒంగోలు చుట్టుపక్కల బళ్లలో డ్రిల్ మాస్టారుగా పనిచేసినవాణ్ణి, ఆ మట్టి దులపడం కోసమే ఆ పోటీలు చూస్తాను.

ఇంకో సంగతి. అప్పటి మన ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్, 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నమెంటు గెలిచిన మనిషి, కోర్టులో ఎంత నెమ్మదస్తుడో తెలిసిందే. ఆయనే తన శిష్యురాలు సింధుకి అరవడం నేర్పించాడు. ఆ అమ్మాయి మరీ మొహమాటస్తురాలని, కోర్టు మధ్యలో నిలబెట్టి, అకాడమీలో అందరూ చూస్తుండగా గట్టిగా అరవమన్నాడు. అరిచేదాకా రాకెట్ ముట్టుకోవద్దన్నాడు. తెలుగింటి ఆడపిల్ల, పెద్దల ముందు గొంతెత్తకూడదని పెరిగిన పిల్ల. ఆ మొహమాటం కోర్టులో పాయింట్లు పోగొడుతుందని గురువుకి తెలుసు. మీ అమ్మాయికి ఆ గొంతు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. నొక్కెయ్యకండి.

అయితే దానికీ ఒక గీత ఉంది. 2023 అక్టోబరులో డెన్మార్క్ ఓపెన్ సెమీఫైనల్లో సింధూ, స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్ పోటాపోటీగా అరుచుకున్నారు, వలకి ఇటూ అటూ నిలబడి మాటా మాటా అనుకున్నారు. అంపైర్ ఇద్దరికీ పసుపు కార్డు చూపించాల్సి వచ్చింది. బ్యాడ్మింటన్‌లో పసుపు అంటే హెచ్చరిక, ఎరుపు అంటే పాయింటు అవతలివాళ్లకి, నలుపు అంటే ఇంటికి. కేక తనకోసం పెట్టుకుంటే ఉత్సాహం. వల అవతలి మొహంలోకి చూస్తూ పెడితే కార్డు. ఈ తేడా పిల్లలకి చెబితే చాలదు, చూపించాలి. పాయింటు రాగానే వలకి వీపు తిప్పి అరవడం అలవాటు చెయ్యమని కోచ్‌తో చెప్పండి. అంతే, సగం గొడవలు పోతాయి.

అంపైర్ విషయంలో మాత్రం మీ పాపది తప్పే, ఇందులో మొహమాటపడను. ఆ షటిల్ నిజంగానే బయట పడి ఉండొచ్చు. చిన్న టోర్నమెంట్లలో లైన్ జడ్జీలు ఉండరు, టీవీలో చూపించే రివ్యూలు అసలే ఉండవు. కుర్చీలో ఒక్క మనిషి, చాలాసార్లు సీనియర్ ఆటగాడే, నాలుగు గీతలూ తనే చూసుకోవాలి. పొరపాట్లు జరుగుతాయి. అడిగే హక్కు పిల్లకి ఉంది. "సార్, అవుట్ అనుకున్నాను, మీరు సరిగ్గా చూశారా?" అని ఒక్కసారి అడగొచ్చు. షటిల్ ఎక్కడ పడిందో కనపడలేదని అంపైర్‌కే అనిపిస్తే లెట్ ఇచ్చి ఆ ర్యాలీ మళ్లీ ఆడించే వీలుంది. మర్యాదగా అడిగిన పిల్లకి ఆ దారి తెరిచి ఉంటుంది. కళ్లు కనపడవా అన్న పిల్లకి అది అక్కడికక్కడే మూసుకుపోతుంది.

"పెద్దవాళ్లు చెయ్యట్లేదా" అంటే, చేశారు, మూల్యం కూడా కట్టారు. 2023 జులైలో ఢాకాలో మన మహిళా జట్టు కెప్టెన్ హర్మన్‌ప్రీత్ కౌర్ అవుటిచ్చారన్న కోపంలో బ్యాటుతో వికెట్లు పడగొట్టింది, తర్వాత బహుమతుల వేళ అంపైరింగ్‌ని తూలనాడింది. మ్యాచ్ ఫీజులో 75 శాతం పోయింది, రెండు మ్యాచ్‌ల నిషేధం పడింది. ఆ రెండూ ఏవి? హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన క్వార్టర్ ఫైనల్, సెమీఫైనల్. కెప్టెనే లేకుండా జట్టు ఆడింది. ఫైనల్‌కి తిరిగొచ్చింది, బంగారం వచ్చింది, అది వాళ్ల అదృష్టం.

రాకెట్ సంగతి రెండు మాటల్లో చెబుతాను. 2020 యూఎస్ ఓపెన్ టెన్నిస్‌లో జకోవిచ్ ఎవరినీ కొట్టాలనుకోలేదు. సర్వీస్ పోయిన చిరాకులో చేతిలో ఉన్న బంతిని వెనక్కి కొట్టాడు, అది వెళ్లి లైన్ జడ్జి గొంతుకి తగిలింది. ఆమె కింద పడిపోయింది. అప్పటికి ప్రపంచ నంబర్ వన్, అయినా ఆ క్షణమే టోర్నమెంటు నుంచి పంపించేశారు. కావాలని చెయ్యలేదన్న మాట ఎవరూ వినలేదు, వినకూడదు కూడా. మీ పాప రాకెట్ ముక్క ఎగిరి ఎవరి కంట్లో పడినా మనం ఇప్పుడు వేరే ఉత్తరం గురించి మాట్లాడుకునేవాళ్లం. ఫ్రేమ్ చిట్లిన రాకెట్‌కి గట్టింగ్, అంటే బిగించిన తీగలు, నిలవదు, దాన్ని పక్కన పెట్టేయండి. కొత్తది ఇప్పుడే కొనకండి. ఇంట్లో పాత రాకెట్ ఉంటే దానికి గట్టింగ్ చేయించి ఒంగోలులో దాంతోనే ఆడమనండి. తిట్టక్కర్లేదు, క్లాసు పీకక్కర్లేదు. పాత రాకెట్ బరువు చేతికి తెలుస్తుంది.

ఇక చెయ్యి కలపకపోవడం. వీటన్నిట్లోకీ నన్ను బాధపెట్టింది ఇదే.

అంపైర్ మీద కోపానికి ఏదో ఒక కారణమైనా ఉంది. వల అవతల ఉన్న పిల్ల ఏం చేసింది? అంపైర్ ఇచ్చిన పాయింటు తీసుకుంది, ఆ తర్వాత ఇంకొకటి గెలిచింది. పరుగెత్తి పరుగెత్తి ఆయాసపడుతూ వచ్చి చెయ్యి చాపింది. ఆ చెయ్యి గాల్లో ఉండిపోయింది. గెలిచిన రోజు ఆ పిల్లకి గుర్తుండేది అదే అయ్యుంటుంది. దాని గురించి మీ ఉత్తరంలో మీరు కూడా ఒక్క ముక్కే రాశారు, గమనించారా?

2016 ఆగస్టు 19, రియో ఒలింపిక్స్ ఫైనల్. మొదటి గేమ్ 21-19తో సింధుది. తర్వాతి రెండూ 21-12, 21-15తో మారిన్‌వి. బంగారు పతకం చేతిలోంచి జారిన అమ్మాయి సింధు, వయసు 21. అవతల మారిన్ గెలిచిన ఆనందంలో కోర్టు మీద పడిపోయి ఏడుస్తోంది, లేవట్లేదు. సింధు వల దాటి అటు వెళ్లింది, లేపి కౌగిలించుకుంది. ఆ తర్వాత చేసిన పని చూడండి: మారిన్ వదిలేసిన రాకెట్ కింద పడి ఉంటే, వంగి తీసి ఆమె బ్యాగు దగ్గర పెట్టింది. ఓడిన మనిషి, గెలిచిన మనిషి రాకెట్ సర్దింది. ఆ వీడియో దొరుకుతుంది, మీ పాపకి చూపించండి. మీరు ఏ వ్యాఖ్యానమూ చెయ్యకండి.

సింధు దేవత కాదు. ఏడేళ్ల తర్వాత అదే మారిన్‌తో డెన్మార్క్‌లో ఏం జరిగిందో పైన చెప్పాను. ఒకసారి గొప్పగా ప్రవర్తించినవాళ్లకి ఇంకోసారి నోరు జారుతుంది. అది తెలిస్తేనే పిల్లలకి ఊపిరాడుతుంది, లేకపోతే ఒక్క నెల్లూరు ఫైనల్‌తో తాను చెడ్డదాన్నైపోయానని అనుకుంటారు.

మారిన్ కథలో ఇంకో మలుపు ఉంది, అది కూడా చెప్పండి. 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్. మొదటి గేమ్ గెలిచి, రెండోదాంట్లో ఆధిక్యంలో ఉండగా మోకాలు తిరిగిపోయింది. ఆడలేక ఏడుస్తూ వెళ్లిపోయింది. ఎదురుగా ఉన్న చైనా అమ్మాయి హి బింగ్‌జియావో, ఆడకుండానే ఫైనల్ చేరినట్టయింది. మర్నాడు వెండి పతకం తీసుకోవడానికి వేదికెక్కినప్పుడు ఆమె చేతిలో స్పెయిన్ జట్టు బ్యాడ్జి ఒకటి ఉంది, మారిన్ కోసం. అదే ఒలింపిక్స్‌లో మన సింధుని ఇంటికి పంపింది ఈ అమ్మాయే, అయినా ఆ ఫొటో చూశాక నాకు కోపం నిలవలేదు.

ఏడుపు గురించి మీరు అసలు అడగలేదు గానీ నేనే చెబుతాను, ఎందుకంటే "ఏడవొద్దు, స్పోర్టివ్‌గా తీసుకో" అనే మాట మన పెద్దల నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఓడిన రెండు నిమిషాలకి అది వింటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. 2009 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ ఓడి ఫెదరర్ మైకు ముందు మాట రాక ఏడ్చాడు, ఓడించిన నాదల్ వచ్చి భుజం చుట్టూ చెయ్యేశాడు. ఆ ఫెదరరే చిన్నప్పుడు రాకెట్లు విసిరేసే పిల్లాడు. మీ పాప కిట్ బ్యాగు మీద తల పెట్టుకుని ఏడ్చిందంటే ఆ ఆట తనకి అంత ముఖ్యమని అర్థం. అందులో దిద్దాల్సిందేమీ లేదు. చెయ్యి కలిపి, అంపైర్‌కి కూడా చెయ్యిచ్చి, తర్వాత బ్యాగు దగ్గరికెళ్లి ఎంతసేపైనా ఏడవొచ్చు. వరస మారితే చాలు.

ఇప్పుడు మీ ఆయన సంగతి. పొద్దున్నే బండి మీద కోర్టుకి దింపేదీ, టోర్నమెంట్లకి ఖర్చు పెట్టేదీ ఆయనే అయ్యుంటారు, అందుకని మాట జాగ్రత్తగా చెప్పాలి. ఏళ్ల తరబడి కోర్టుల పక్కన ఈల పట్టుకుని నిలబడి నేను చూసిందొకటుంది. రాకెట్ విసిరిన పిల్ల మొదట చూసేది అంపైర్ వైపు కాదు, గ్యాలరీలో వాళ్ల నాన్న వైపు. పాయింటు పోయినప్పుడు ఆ మొహం ఎట్టా మారిందో చూస్తుంది. మొహం మాడ్చుకుని తల అడ్డంగా ఊపే నాన్న ఉంటే, తర్వాతి పాయింటు ఆ పిల్ల వల అవతలి మనిషితో కాక గ్యాలరీతో ఆడుతుంది. మీ ఇంట్లో అట్టాగే జరిగిందని అనను, నేను అక్కడ లేను. కానీ నెల్లూరు నుంచి కావలి దాకా బస్సులో ఏం మాట్లాడుకున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. "ఆ షటిల్ ఎందుకు వదిలేశావు?" అని ఎవరైనా అన్నారా? ఓడిన రోజు ఆ ప్రశ్న వద్దు. ఏదైనా తినిపించండి, కిటికీ పక్కన కూర్చోనివ్వండి. మాట్లాడాలనుకుంటే తనే మాట్లాడుతుంది.

పరువు సంగతంటారా, అది తీసింది పిల్ల కాదు, ఆ వీడియో పెట్టినవాళ్లు. పద్నాలుగేళ్ల పిల్ల ఏడుపు గ్రూపులో పెట్టే పనేమిటి? మీ ఆయన కోపం చూపించాల్సింది అక్కడ. కోచ్‌కి ఫోన్ చేసి, తియ్యించమని గట్టిగా అడగమనండి. నాన్న తన తరఫున ఒక ఫోన్ చేశాడని తెలిస్తే ఇంట్లో ఆగిపోయిన మాటలు వాటంతటవే మొదలవుతాయని నా నమ్మకం.

సారీ చెప్పించాలా? చెప్పాలి, కానీ మెడ మీద చెయ్యేసి చెప్పించకండి. 2025 జూన్‌లో నార్వే చెస్‌లో కార్ల్‌సన్, గెలవాల్సిన ఆట మన తెలుగింటి పిల్లాడు గుకేశ్‌కి పోగొట్టుకుని, పావులు ఎగిరేలా బల్ల గుద్దాడు. వెంటనే చెయ్యి కలిపి సారీ చెప్పాడు, వెళ్తూ వెళ్తూ గుకేశ్ వీపు తట్టాడు. కోపం రావడానికీ దాన్ని సర్దుకోవడానికీ మధ్య నిమిషం కూడా పట్టలేదు. మీ పాపకి నెల పట్టింది, ఫరవాలేదు. ఒంగోలులో ఆ అమ్మాయి కనపడితే "ఆ రోజు చెయ్యి కలపకుండా వెళ్లిపోయాను, సారీ. నువ్వు బాగా ఆడావు" అని చెబితే చాలు. "కానీ ఆ షటిల్ మాత్రం..." అని తోక తగిలించొద్దని ముందే చెప్పండి. అంపైర్‌గారు కనపడితే ఆయనకీ అంతే.

కోచ్ "ఫైర్" అని వదిలేస్తే కుదరదు, ఆయనకీ పనుంది. ఈ నెలంతా ప్రాక్టీసు మ్యాచ్‌లలో 18-18, 19-19 దగ్గర కావాలని తప్పు కాల్స్ ఇవ్వమనండి. లోపల పడ్డదాన్ని బయటనాలి, బయట పడ్డదాన్ని లోపలనాలి. పిల్ల మొదట గింజుకుంటుంది. అప్పుడు ఏం చెయ్యాలో చేతులకి ఒక పని అలవాటు చెయ్యాలి: వెనక్కి తిరిగి, రాకెట్ తీగలు వేళ్లతో సర్దుకుంటూ రెండడుగులు నడిచి, ఒక పెద్ద ఊపిరి వదిలి, సర్వీస్‌కి రావాలి. 11 పాయింట్ల దగ్గర అరవై సెకన్లు, గేముల మధ్య రెండు నిమిషాలు విరామం ఉంటుంది. ఆ టైములో కోచ్ టెక్నిక్కే కాదు, ఊపిరి కూడా చూడాలి.

ఒంగోలుకి పంపండి. మీ ఆయన్ని కూడా తీసుకెళ్లండి, కానీ కోర్టుకి దూరంగా వెనక వరసలో కూర్చోబెట్టండి. ఎంట్రీల గడువు టోర్నమెంటుకి చాలా ముందే అయిపోతుంది, కోచ్‌ని ఈ రోజే అడిగి పేరు రాయించండి.